కాలువలు కట్టేసే లోపు మల్చింగ్ వేయిస్తున్నారా? ఎండు ఇసుక మీద మాత్రం వేయించకండి

మొన్న కోనసీమలో మలికిపురం వైపు ఒక ఇంటికి వెళ్లాను. కొత్త ఇల్లు. ముందు పెరడంతా మడులు కట్టించి మందారం, మల్లె, నందివర్ధనం పెట్టారు, ఓ మూలన కరివేపాకు, రెండు బొప్పాయిలు. నెల కిందట పట్నం నుంచి గార్డెన్ పనివాళ్లను పిలిపించి, బాగానే డబ్బులిచ్చి, మడులన్నిటికీ మల్చింగ్ (తడి ఆరిపోకుండా మొక్కల చుట్టూ నేల మీద పొట్టో గడ్డో కప్పడం) చేయించారట. పని చూడ్డానికి నీటుగానే ఉంది, కొబ్బరి పొట్టు అంచుల దాకా సమంగా పరిచారు. మొక్కలే తలలు వాల్చేశాయి. మల్లె ఆకు రాలుతోంది, బొప్పాయి కాడలు కిందికి వేలాడుతున్నాయి. "రోజూ రెండు పూటలా పైపుతో తడుపుతున్నానండీ, నీళ్లెక్కువై కుళ్లిపోతున్నాయేమో" అని ఆ ఇంటావిడ టెన్షన్ పడుతున్నారు.

తాపీతో పొట్టు పక్కకు లాగి చూశాం. పై అంగుళం నల్లగా, తడిగా ఉంది. దాని కింద పొట్టు పొడిపొడిగా ఉంది. ఇంకా కింద ఇసుక తెల్లగా, గోరువెచ్చగా, గుప్పిట్లోకి తీసుకుంటే ఉప్పులా వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. నెల రోజులు పోసిన నీళ్లన్నీ పొట్టు తాగేసింది, వేరు దాకా దిగనే లేదు.

ఎండు ఇసుక మీద మల్చింగ్ వేశారు. అంతే, ఇంకే తెగులూ లేదు. అంతర్వేది నుంచి ఓడలరేవు దాకా, అటు మొగల్తూరు, పేరుపాలెం వైపు కూడా, ఇసుక మెరకల్లో ఇళ్లు కట్టుకుని ముచ్చటపడి తోట పెంచుకునేవాళ్లు నష్టపోవడం నేను చూసింది ఎక్కువగా ఈ ఒక్క తప్పు వల్లే. మల్చింగ్ వల్ల లాభాలేంటి, కలుపు ఎలా తగ్గుతుంది అన్నవి మీకు తెలిసినవే, అవి వదిలేస్తున్నాను. ఏప్రిల్‌లో దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయ్యాక కాలువలకి నీళ్లు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లోగానీ వదలరు. ఈ లోపు అందరూ హడావిడిగా మల్చింగ్ వేయిస్తారు కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను.

ముందు తడి, తర్వాతే కప్పు

మల్చింగ్ నీళ్లు పుట్టించదు. కింద ఏముంటే దాన్నే దాచి ఉంచుతుంది. తడి ఉంటే తడిని దాస్తుంది. ఎండి ఉంటే ఆ ఎండునే కాపాడుతుంది, పైగా మీరు పోసే నీళ్లకి అడ్డం పడుతుంది. ఒండ్రు నేలల్లో ఈ తప్పు కొంత సర్దుకుంటుంది, ఎందుకంటే ఆ మట్టి నీటిని పక్కలకు కూడా లాక్కుంటుంది. ఇసుకకు ఆ గుణం తక్కువ, నీళ్లు పడ్డచోటే నిలువునా దిగిపోతాయి. దానికి తోడు బాగా ఎండిన ఇసుక, బాగా ఎండిన కొబ్బరి పొట్టు, ఈ రెండూ మొదట నీటిని లోపలికి రానివ్వవు. పైన పోసిన నీళ్లు గుండ్రంగా చుక్కలు కట్టి పక్కకు దొర్లిపోవడం మీరు చూసే ఉంటారు.

లెక్క కూడా చూడండి. కొబ్బరి పొట్టు దాని బరువుకు ఐదు రెట్లకు పైగా నీళ్లు పట్టుకుంటుంది. మూడంగుళాల మందాన ఎండు పొట్టు పరిస్తే, చదరపు మీటరుకు 30 లీటర్ల పైనే అది ఒక్కటే తాగగలదు. మీరు పైపుతో పోసే నాలుగైదు లీటర్లు ఏ మూలకి? పొద్దున పోసినవి పై అంగుళంలో ఆగిపోతాయి, మధ్యాహ్నం ఎండకి ఆవిరైపోతాయి. పైన తడి కనిపిస్తోంది కదా అని మీరు నిశ్చింతగా ఉంటారు. మొక్క కింద దాహంతో చస్తూ ఉంటుంది.

అందుకని పనివాళ్లు వచ్చేసరికే మడి తడిసి ఉండాలి. ఇసుకలో అడుగు లోతు తడవాలంటే చదరపు మీటరుకు సుమారు 30 లీటర్లు, అంటే రెండు బక్కెట్లు కావాలి. ఒక్కసారిగా కుమ్మరించకండి. ముందు రోజు సాయంత్రం సగం పోయండి, అది ఇంకాక పొద్దున్నే మిగతా సగం. తర్వాత మడి మధ్యలో ఒకటి, అంచున ఒకటి గుంట తవ్వి చూడండి. అడుగు లోతు ఇసుక తీసి గుప్పిట బిగిస్తే ముద్ద కట్టాలి. ముద్ద కట్టకుండా రాలిపోతే ఆ రోజు పని ఆపించండి. "పైనుంచి తర్వాత తడుపుకోండి సార్, దిగుతుంది" అని పనివాళ్లు చెబుతారు. దిగదు. వాళ్లకి ఆ రోజే మరో రెండు ఇళ్లు ఉంటాయి, మీ మడి తడిసే దాకా ఆగే తీరిక వాళ్లకి ఉండదు. పెరడు మీది కాబట్టి దగ్గరుండి చూసుకోవాల్సింది మీరే.

ఈ పని కాలువల్లో నీళ్లుండగానే కానిచ్చేయండి. కాలువలు పారుతున్నన్నాళ్లూ చుట్టుపక్కల బావుల్లో, బోర్లలో నీటిమట్టం బాగుంటుంది, నీళ్లు తియ్యగా ఉంటాయి. కాలువ కట్టేశాక మట్టం దిగుతుంది, సముద్రం దగ్గరి ఊళ్లలో ఎక్కువ తోడితే ఉప్పదనం వచ్చేస్తుంది. మే నెలలో ఆ నీళ్లతో మడి నానబెడితే మల్చింగ్ కింద ఉప్పు పేరుకుంటుంది. మంచినీళ్లు ఉన్నప్పుడే ఇసుకను నిండుగా తడిపి, దాని మీద కప్పేస్తే, రోహిణి కార్తె ఎండల్లో పోసే నీళ్లు కూడా తక్కువే పడతాయి.

కడియం నర్సరీల నుంచి మొక్కలు తెచ్చుకునేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. ఆ మొక్క మట్టి గడ్డతో వస్తుంది. చుట్టూ మీ ఇసుక, మధ్యలో ఆ గడ్డ. గడ్డ ఒకసారి ఎండి బిగుసుకుందంటే, నీళ్లు తేలిగ్గా ఇసుకలోంచి జారిపోతాయి తప్ప గడ్డలోకి వెళ్లవు. నాటేముందు కవరు తీయకుండానే బక్కెట్లో ముంచి, బుడగలు రావడం ఆగేదాకా ఉంచండి. అప్పుడు నాటి, చుట్టూ తడిపి, అప్పుడే కప్పండి.

ఏం కప్పిస్తున్నారు?

మన దగ్గర దొరికేది కొబ్బరి పొట్టే, అందరూ వేసేదీ అదే. మంచిదే గానీ పచ్చి పొట్టు వేరు, చివికిన పొట్టు వేరు. పచ్చి పొట్టులో నత్రజనితో పోలిస్తే కర్బనం వంద రెట్లకు పైగా ఉంటుంది. దాన్ని ఇసుకలో కలిపేశారంటే, అది కుళ్లడానికి కావలసిన నత్రజనిని మొక్క నోటి దగ్గర్నుంచి లాగేసుకుంటుంది, ఆకులు పసుపు తిరుగుతాయి. పైన పరచండి, లోపల కలపకండి. కలపాలనుకుంటే యూరియా, పుట్టగొడుగు విత్తనం వేసి నెల రోజులు మగ్గబెట్టిన పొట్టు తెచ్చుకోండి, లేదా చివికిన పశువుల ఎరువు వాడండి. ఇసుక నేలకైతే అంగుళం మందాన ఎరువు పరిచి, తడిపి, దాని మీద పొట్టు వేయడం అన్నిటికన్నా మంచిది.

పొట్టులో ఉప్పు ఉంటుంది. ఉప్పుటేరు నీళ్లలో నానిన డొక్కల (కొబ్బరికాయ పీచు తొక్కల) నుంచి తీసిన పొట్టయితే మరీ ఎక్కువ. రంగు చూసి తెలుసుకోలేరు. బక్కెట్లో నానేసి, పిండిన నీళ్లలో టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచేది) పెట్టండి, పోసిన మంచినీళ్ల కన్నా బాగా ఎక్కువ చూపిస్తే ఇంకోసారి కడగాలి. కడగడానికి ఎలాగూ నానబెడతారు కాబట్టి ఆ తడి పొట్టునే పరచండి. ఎండు పొట్టు ఎండు ఇసుక మీద ఎప్పుడూ పరచకండి, తడి ఇసుక మీద కూడా ఎండు పొట్టు వద్దు, మీరు పోసిపెట్టిన తడిని అదే పైకి పీల్చుకుంటుంది.

వరిగడ్డి బాగుంటుంది కానీ సముద్రపు గాలికి ఎగిరిపోతుంది, పైన రెండు కొబ్బరి మట్టలు అడ్డంగా పడేస్తే ఆగుతుంది. ఊక ఫరవాలేదు, పల్చగా వేయండి. సరుగుడు ఆకు మంచిది. కొబ్బరి చెట్టు పాదులో డొక్కలు పరిచేటట్టయితే వీపు పైకి ఉండేలా బోర్లించండి, వెల్లకిలా పెడితే వానలకి నీళ్లు నిలిచి డెంగీ దోమలు పెరుగుతాయి. గోతిలో పాతేటప్పుడు మాత్రం దీనికి తిరగేసి, గిన్నెలా పైకి చూసేలా పెట్టాలి, అక్కడ నీళ్లు నిలవడమే కావాలి.

తెల్ల గులకరాళ్లు ఇప్పుడు ఫ్యాషన్ అయ్యాయి. ఇసుక మడికి వద్దు. ఎండకి కాలిపోతాయి, రెండేళ్లకి ఇసుకలోకి దిగిపోతాయి, ఏరలేక మీరు అవస్థ పడతారు.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తాను

మందం మూడంగుళాలు చాలు. ఇసుక కదా అని అరడుగు వేయిస్తున్నారు, చినుకులు పడితే ఆ తడి కిందికి చేరదు.

మొదలుకి ఆనించి పోయకండి. చిన్న మొక్కకి బెత్తెడు, చెట్టుకి జానెడు ఖాళీ వదలండి. బొప్పాయి, నిమ్మ, మిరపలో మొదలు కుళ్లు ఇలాగే మొదలవుతుంది.

డ్రిప్ ఉంటే పైపు మల్చింగ్ కింద ఉండాలి, పైన కాదు. ఇసుకలో ఒక్కో చుక్క సన్నగా నిలువునా దిగుతుంది, అడుగుకో రంధ్రం ఉన్న పైపు తీసుకోండి.

పైపులు కప్పేయకముందే మోటారు వేసి ప్రతి రంధ్రం చూడండి. కప్పాక ఏది మూసుకుపోయిందో మొక్క చచ్చేదాకా తెలియదు.

గోడకి, గుమ్మానికి ఒకటిన్నర అడుగు దూరం. చెదలు పడితే ద్వారబంధం దాకా వస్తాయి.

రొయ్యల చెరువు మట్టి పెరట్లోకి తేకండి. ఎవరు ఊరికే ఇస్తామన్నా సరే, ఎరువు బాగా ఉంటుందని చెప్పినా సరే. ఉప్పు ఎక్కిన ఇసుకను బాగుచేసుకోవడానికి మంచినీళ్లు బోలెడు కావాలి, ఎండాకాలంలో అవే ఉండవు.

మిల్లు బూడిద వద్దు. పచ్చి కోళ్ల ఎరువు వద్దు. అప్పుడే కోసిన పచ్చగడ్డి కుప్పగా వద్దు.

మిగిలిన పొట్టు మూలన గుట్టగా వదిలేయకండి. కుళ్లిన గుట్టలో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది, వంకీ తిరిగిన లావుపాటి తెల్ల పురుగులు కనిపిస్తే అవే, పెద్దవయ్యాక మీ కొబ్బరి మొవ్వులు తొలిచేస్తాయి. ఏరి చంపండి. ఎక్కువగా ఉంటే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడగండి.

ఎండు మట్టలు, గడ్డి పొయ్యికి, ట్రాన్స్‌ఫార్మర్‌కి దగ్గర్లో పరచకండి. బీడీ, సిగరెట్ పెరట్లో పారేయనివ్వకండి.

మల్చింగ్ కింద ఉత్త చేతులు పెట్టకండి. కప్పు కింద చల్లగా ఉంటుంది, కప్పలూ ఎలకలూ చేరతాయి, వాటికోసం పాము వస్తుంది. కట్లపాము, రక్తపింజర రెండూ మన దగ్గర ఉన్నాయి. ముందు కర్రతో కదిపి, గొర్రుతో లాగండి. కాళ్లకి బూట్లు వేసుకోండి. చీకటి పడ్డాక ఆ పని పెట్టుకోవద్దు. పిల్లల్ని అక్కడ ఆడనివ్వకండి.

పాము కరిస్తే కట్టు బిగించకండి, కోయకండి, నోటితో పీల్చకండి, మంత్రం దగ్గరికి తీసుకెళ్లి గంట పోగొట్టకండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు సూది ఉన్న ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి.

వారానికోసారి రెండు చోట్ల పొట్టు పక్కకు లాగి, కింద అడుగు లోతు ఇసుక తీసి గుప్పిట బిగించి చూడండి. పైన తడి చూసి నమ్మకండి. మళ్లీ చెబుతున్నాను, పైన తడి చూసి నమ్మకండి.

ఇప్పటికే ఎండు ఇసుక మీద వేయించేసిన వాళ్లు పైనుంచి ఇంకా పోస్తూ కూర్చోకండి. సాయంత్రం పూట, వెలుతురు ఉండగానే, గొర్రుతో పొట్టంతా మడి పక్కకు లాగేయండి. పాదు చేసి నీళ్లు కట్టండి, ఇంకనివ్వండి, పొద్దున్నే మళ్లీ కట్టండి. లాగిన పొట్టును కూడా తడపండి. గుంట తవ్వి ముద్ద కడుతోందో లేదో చూశాకే తిరిగి కప్పండి. వాడిపోయిన మల్లె, మందారం కొమ్మలు మూడో వంతు కత్తిరిస్తే వేళ్ల మీద భారం తగ్గుతుంది. కొత్త చిగురు వచ్చేదాకా యూరియా, డీఏపీ ఏవీ వేయకండి. మొదలు దగ్గర బెరడు గీకితే పచ్చగా ఉంటే మొక్క బతికే ఉంది, పీకేయకండి.

తొలకరి పడి వానలు జోరందుకున్నాక మొదళ్ల దగ్గర పొట్టు ఇంకో బెత్తెడు వెనక్కి జరపండి. మడుల మధ్య నీళ్లు నిలిచే పల్లం ఉంటే, అక్కడి కప్పు మొత్తం తీసి ఎరువు గుంటలో వేయండి.