షో రింగ్‌లో కుక్క పాడు చేస్తోందా? ముందు మీ ఎడమ చెయ్యి చూసుకోండి

మా ల్యాబ్రడార్ ఇంటి ముందు రోడ్డు మీద రాజాలా నడిచేది, డాగ్ షో రింగ్‌లోకి, అంటే జడ్జి ముందు కుక్కని నడిపించి చూపించే చోటికి, వెళ్ళగానే తడబడేది. తప్పంతా దానిదే అనుకున్నాను. తర్వాత మా తమ్ముడు ఫోన్‌లో తీసిన వీడియో చూస్తే, టెన్షన్‌లో నేను లీడ్‌ని (కుక్క మెడకి కట్టి పట్టుకునే తాడు) ఎడమ పిడికిట్లో బిగించి భుజం దాకా లాగేశాను, పాపం దాని ముందు కాళ్ళు సగం గాల్లోనే ఉన్నాయి.

ముందు కాళ్ళు అడ్డదిడ్డంగా పడుతున్నాయి
కారణం పైన చెప్పిందే. మెడ పైకి లాగితే ముందు అడుగు సాగదు, జడ్జికి అది కుక్క కట్టులోనే లోపంలా కనబడుతుంది. మిగిలిన లీడ్‌ని అరచేతిలో మడిచి పెట్టుకోండి, వేలాడనివ్వొద్దు, బిగించొద్దు. కుక్క ఎప్పుడూ మీకూ జడ్జికీ మధ్యలోనే ఉండాలి.

ఒంటెలా ఊగుతూ నడుస్తోంది
ఒకే వైపు ముందు కాలు, వెనక కాలు కలిసి కదులుతున్నాయన్నమాట. దీన్ని పేసింగ్ అంటారు. ఎక్కువసార్లు మీరు మరీ నెమ్మదిగా వెళ్ళడం వల్లే వస్తుంది, అలసినా వస్తుంది. ఆగి, చిన్న చుట్టు తిప్పి, ఈసారి మొదటి అడుగు నుంచే వేగంగా కదలండి. మీ కుక్క ఏ వేగంలో ట్రాట్‌లో (ఒక వైపు ముందు కాలు, రెండో వైపు వెనక కాలు కలిసి కదిలే నడక) పడుతుందో షోకి ముందే ఖాళీ మైదానంలో, పక్క నుంచి వీడియో తీయించుకుని తెలుసుకోవాలి.

నిలబెడితే వీపు గూనిలా లేస్తోంది
వెనక కాళ్ళు పొట్ట కిందికి వచ్చేశాయి. వెనక కాలి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చే కీలు ఉంటుంది చూడండి, అదే హాక్. అక్కణ్ణించి పాదం దాకా ఉన్న ఎముక నేలకి నిట్టనిలువుగా ఉండాలి. కాలు సర్దేటప్పుడు హాక్ దగ్గర పట్టుకోండి, ముందు కాలైతే మోచెయ్యి దగ్గర. పాదం పట్టుకుంటే వెంటనే లాగేసుకుంటుంది. జర్మన్ షెపర్డ్‌కి మాత్రం ఒక వెనక కాలు ముందుకి పెడతారు, దాన్ని చూసి ల్యాబ్‌కి చెయ్యకండి.

జడ్జి పళ్ళు చూడబోతే వెనక్కి తగ్గుతోంది
కొత్త చెయ్యి కదా, భయం. ఇంటికి వచ్చే బంధువులతో, టోపీ పెట్టినవాళ్ళతో, కళ్ళజోడు ఉన్నవాళ్ళతో రోజూ మూతి, ఒళ్ళు తడిమించండి. పళ్ళు మీరే చూపించాల్సి వస్తే నోరంతా తెరవక్కర్లేదు, పెదవులు ఎత్తి ముందు పళ్ళు ఎలా కలుస్తున్నాయో చూపిస్తే చాలు. అప్పుడు ముక్కు మూసేయకండి.

లివర్ ముక్క చూడగానే కూర్చుంటోంది
ఇది మన చేతులారా నేర్పిందే. ఇంట్లో ప్రతి బిస్కెట్‌కీ ‘సిట్’ అని అలవాటు చేశాం, అది బుద్ధిగా మాట వింటోంది, దయచేసి అరవకండి. ఒక అడుగు ముందుకు నడిపిస్తే తనే లేస్తుంది. షోకి కొన్ని వారాల ముందు నుంచే ‘స్టాండ్’ అని, నాలుగు కాళ్ళ మీద ఉన్నప్పుడే ముక్క ఇవ్వండి, అది కూడా మూతికి తిన్నగా. పైకెత్తి చూపిస్తే తల ఎత్తుతుంది, నడుము దిగుతుంది, మళ్ళీ కూర్చుంటుంది.