గురుడు నడినెత్తికొచ్చే వేళ: పెరట్లోంచి ఫొటో ఎలా తీయాలి

గురుగ్రహాన్ని ఫొటో తీయాలనుకుంటే ముందు డాబా దిగండి. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి డాబా మీదే టెలిస్కోపు పెట్టి నేను ఒక చలికాలమంతా పోగొట్టుకున్నాను, అందుకే ఈ మాట అన్నిటికంటే ముందు చెబుతున్నాను. పగలంతా ఎండకు కాగిన స్లాబు రాత్రి చాలా పొద్దుపోయేదాకా వేడి వదులుతూనే ఉంటుంది, అరచెయ్యి ఆనించి చూడండి, తెలుస్తుంది. ఆ వేడిగాలి సరిగ్గా టెలిస్కోపు ముందునుంచే పైకి లేస్తుంది, అప్పుడు గురుడు గెడ్డలో పారే నీటి అడుగున ఉన్న గులకరాయిలా వణుకుతూ ఉంటాడు. పెరట్లో మట్టి మీదకి మార్చాక అదే టెలిస్కోపు, అదే కెమెరా, ఉత్త గోధుమరంగు మసకగా ఉన్నచోట గురుడి మీది మేఘాల పట్టీల అంచుల్లో మెలికలు కనిపించాయి.

ఇంకో విషయం. చుక్కల ఫొటోలకు చీకటి కావాలి గానీ గురుడికి అక్కర్లేదు, వీధిలైటు వెలుగుతున్నా ఏమీ కాదు. కావాల్సింది కదలని గాలి. మా పక్కింటి మౌసా (ఒడియాలో బాబాయి లాంటి పిలుపు) నేను టెలిస్కోపు బయటికి తెస్తే చాలు పాపం పెరటి లైటు ఆర్పేసేవారు. "లైటు ఉండనివ్వండి మౌసా, ఆ నీళ్ళ పొయ్యి ఒక్కటి ఆపితే చాలు" అని చెప్పాల్సివచ్చింది. పొయ్యి సెగ, ఏసీ బయటి యూనిట్, రేకుల కప్పు, వీటి మీదుగా మాత్రం గురుణ్ణి చూడకండి.

మన ప్రాంతానికి ఒక పెద్ద వరం ఉంది. పర్లాకిమిడి 19 డిగ్రీల అక్షాంశానికి కొంచెం దిగువన ఉంది. 2026 జనవరి 10న గురుడు మిథునంలో ఉండి సూర్యుడికి సరిగ్గా ఎదురుగా (నడుమ భూమి ఉండేలా) వచ్చే రాత్రి మనకు దాదాపు నడినెత్తిన ఉంటాడు. గ్రహం ఎంత పైన ఉంటే దాని వెలుగు అంత తక్కువ గాలిలోంచి వస్తుంది. ఈ ఎదురుపడటం సుమారు 399 రోజులకోసారి జరుగుతుంది, తర్వాతది 2027 ఫిబ్రవరి రెండో వారంలో, అప్పుడు కూడా దిగంతం నుంచి 80 డిగ్రీలకు పైనే (నడినెత్తి అంటే 90). 2031-32 నాటికి గురుడు దక్షిణానికి దిగిపోతాడు, అప్పుడు మనకు 48 డిగ్రీల దగ్గర ఆగుతాడు, లండన్ వాళ్ళకైతే ఓ 15. కాబట్టి తీసేదేదో ఈ నాలుగైదేళ్ళలోనే గట్టిగా తీయండి.

సామాను గురించి ఎక్కువ చెప్పను. 6 అంగుళాల అద్దం ఉన్నా సరిపోతుంది, 8 అయితే ఇంకా మంచిది. ఫోను ఐపీసుకు (కన్ను పెట్టి చూసే కటకానికి) బిగించి కూడా తీయొచ్చు, ఎక్స్‌పోజర్ బాగా తగ్గించి లాక్ చేస్తే రెండు పట్టీలు వస్తాయి, నాలుగు చందమామల కోసం ఎక్స్‌పోజర్ పెంచి వేరే ఫొటో తీసుకోవాలి. వివరం కావాలంటే మాత్రం గ్రహాల కోసం చేసిన చిన్న వీడియో కెమెరా కొనుక్కోండి. కెమెరా పిక్సెల్ సైజు ఎన్ని మైక్రాన్లో చూసి 5తో హెచ్చించండి, మీ టెలిస్కోపు ఎఫ్ నంబరు (ఫోకల్ దూరాన్ని అద్దం వెడల్పుతో భాగిస్తే వచ్చేది) దాని దగ్గరకి రావాలి. 3.75 మైక్రాన్లకు సుమారు 19. నా 8 అంగుళాల డాబ్సోనియన్ (నేల మీది పీటపై తిరిగే అద్దం టెలిస్కోపు) ఎఫ్ 6, దానికి 3ఎక్స్ బార్లో (బొమ్మను మూడింతలు చేసే కటకం) పెడితే 18, చాలు. గురుడు కెమెరాలో 200 పిక్సెళ్ళకు కాస్త అటూఇటూగా వస్తాడు. చిన్నదే అనిపిస్తుంది, అయినా దాన్ని ఇంకా పెద్దది చేయాలని 5ఎక్స్ బార్లో జోలికి పోవద్దు, మసకే పెద్దదవుతుంది.

తీయడానికి గంట ముందే టెలిస్కోపు బయట పెట్టేయండి. గదిలో వెచ్చగా ఉన్న అద్దం చల్లబడేదాకా ట్యూబు లోపలే గాలి సుడులు తిరుగుతుంది. తర్వాత కొలిమేషన్, అంటే అద్దాలను ఒకే వరుసకు సరిచేయడం. దీనికి బద్ధకించారంటే మిగతా పనంతా వృథా. ఒక మంచి చుక్కను నడిమధ్యన పెట్టి ఫోకస్ కొంచెం తప్పించండి, గారె లాగా మధ్యలో చిల్లుతో గుండ్రటి వెలుగు కనిపిస్తుంది. చిల్లు సరిగ్గా మధ్యలో ఉందా? ఒక పక్కకి జరిగితే వెనకాల స్క్రూ పావు చుట్టు కంటే తక్కువే తిప్పి, చుక్కను మళ్ళీ మధ్యకి తెచ్చి, మళ్ళీ చూడండి. ఇలా నాలుగైదుసార్లు చేయాలి. చెయ్యి అలవాటయ్యేదాకా అరగంట పడుతుంది, తర్వాత ఐదు నిమిషాల పని.

ఇప్పుడు వీడియో. మనం తీసేది ఒక్క ఫొటో కాదు, వేల ఫ్రేములు. వాటిలో గాలి కుదురుగా ఉన్న క్షణాలవి మాత్రం ఏరి ఒకదాని మీద ఒకటి పేర్చడమే (స్టాక్ చేయడమే) కిటుకంతా. వీడియో తీసే సాఫ్ట్‌వేర్లు ఫైర్‌క్యాప్చర్‌లో గానీ షార్ప్‌క్యాప్‌లో గానీ గ్రహం చుట్టూ 640 బై 480 ముక్క మాత్రమే ఎంచుకోండి, ఎక్స్‌పోజర్ 10 మిల్లీసెకన్ల లోపు, హిస్టోగ్రామ్ (వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫు) 60-70 శాతం మించకుండా. సెకనుకు 100 ఫ్రేముల చొప్పున రెండు నిమిషాలంటే 12,000 ఫ్రేములు, 3.7 జీబీ దాకా ఫైలు. ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ ఉంటేనే ఆ వేగం అందుకుంటుంది.

రెండు నిమిషాలే ఎందుకంటే, గురుడు తన చుట్టూ తాను తిరగడానికి పట్టేది 9 గంటల 55 నిమిషాలే. అంత పెద్ద గ్రహం అంత వేగంగా తిరుగుతుంటే మధ్యలో ఉన్న మచ్చ మూడు నిమిషాల్లోనే 6 అంగుళాల టెలిస్కోపు పట్టగలిగినంత దూరం జరిగిపోతుంది. 6 అంగుళాలకు మూడు నిమిషాలు, 8కి రెండు, అంతకు మించొద్దు. ఇంకా ఎక్కువ కావాలంటే వరుసగా నాలుగైదు వీడియోలు తీసి, ఆ తిరుగుడును విన్‌జూపోస్ అనే సాఫ్ట్‌వేర్‌లో సరిచేసి కలపొచ్చు.

మోటారు లేని డాబ్సోనియన్ ఉన్నవాళ్ళు దిగులు పడొద్దు. నేను చెప్పిన కొలతల్లో గురుడు కెమెరా ఈ అంచు నుంచి ఆ అంచుకి 15 సెకన్లలో దాటిపోతాడు. ఇక్కడ మాత్రం ముక్క ఎంచుకోకుండా ఫ్రేము మొత్తం తీయండి. దాన్ని ఒక అంచున పెట్టి చెయ్యి తీసేసి, దాటేదాకా రికార్డు చేసి, మళ్ళీ వెనక్కి తేవడం. ఎనిమిది ముక్కలైతే రెండు నిమిషాలు. పిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిని కలిపి గ్రహాన్ని మధ్యకి తెచ్చిపెడుతుంది. సరిగ్గా నడినెత్తిన ఉన్నప్పుడు డాబ్సోనియన్ తిప్పడం చాలా కష్టం, అందుకని ఒక గంట ముందో వెనకో తీసుకోండి.

ఫోకస్ గ్రహం మీద కుదరకపోతే దాని చందమామల్లో ఒకదాన్ని చూస్తూ అది వీలైనంత చిన్న చుక్క అయ్యేదాకా తిప్పండి. మంచు పడే రాత్రుల్లో కరెక్టర్ గ్లాసు (కొన్ని టెలిస్కోపుల ముందు ఉండే గాజు పలక) మీద తేమ పట్టేస్తుంది, తుండుగుడ్డతో తుడవకండి, గీతలు పడతాయి, హెయిర్ డ్రయ్యర్‌తో తక్కువ వేడి మీద ఆరబెట్టండి.

తర్వాత ఆటోస్టాకర్ట్ అనే సాఫ్ట్‌వేర్. వీడియో ఇస్తే ఫ్రేములన్నిటినీ నాణ్యతను బట్టి వరుసపెడుతుంది. గాలి బాగున్న రాత్రి 25 శాతం, లేకపోతే 10 శాతం ఉంచుకోండి. వచ్చిన బొమ్మ మెత్తగా, నిరుత్సాహంగా ఉంటుంది, కంగారు పడకండి, అలాగే ఉండాలి. రెజిస్టాక్స్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో బొమ్మకు పదునుపెట్టే వేవ్‌లెట్ స్లయిడర్లు మెల్లగా జరుపుతుంటే మెత్తని గోధుమరంగులోంచి పట్టీలు, పట్టీల్లోంచి ముడులు, ముడుల పక్కన చిన్న తెల్ల మచ్చలు ఒక్కొక్కటే బయటపడతాయి. నాకు ఈ పనంతటిలో అన్నిటికంటే ఇష్టమైన నిమిషం అదే. గ్రహం అంచు వెంట ఇంకో గీత కనిపించిందంటే షార్పెనింగ్ ఎక్కువైందని అర్థం, వెనక్కి తగ్గండి.

పెద్ద ఎర్ర మచ్చ (గురుడి మీది పెద్ద తుఫాను) మనవైపు ఎప్పుడు తిరుగుతుందో ఆకాశం చూపే సాఫ్ట్‌వేర్ స్టెల్లారియంలో ముందే చూసుకోండి. తీసిన ప్రతి వీడియో పేరులో తేదీ, టైము రాయండి, టైము యూటీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన టైము), అంటే మన టైములోంచి ఐదున్నర గంటలు తీసేసి. టైము లేని ఫొటో పరిశోధకులకు పనికిరాదు, టైము ఉన్నది పనికొస్తుంది. ఫిలిప్పీన్స్‌లో సెబూ అనే ఊరు, మనలాగే ఉక్క, సముద్రం ఒడ్డున. అక్కడ తన ఇంటినుంచి ఫొటోలు తీసే క్రిస్టఫర్ గో 2006 ఫిబ్రవరిలో గురుడి మీద ఓవల్ బీఏ అనే తెల్ల తుఫాను ఎర్రబడటం గమనించాడు. 2010 జూన్ 3న ఆస్ట్రేలియాలో ఆంథొనీ వెస్లీ వీడియోలో గురుడి మీద ఒక వెలుగు మెరిసి ఆరింది, ఏదో రాయి వచ్చి గుద్దుకుంది. ఆ మెరుపు నిజమేనని తేలింది అదే సమయంలో గో తీసిన వీడియో వల్ల. ఆ రాత్రి ఇద్దరి దగ్గరా ఉన్నది మనం తీసేలాంటి వీడియోయే. స్టాక్ చేయగానే డిస్కు నిండిపోయిందని వీడియోలు తీసేస్తుంటాం కదా, డిటెక్ట్ అనే సాఫ్ట్‌వేర్ అలాంటి మెరుపుల కోసం ఫ్రేములన్నీ వెతుకుతుంది. ఒకసారి దానికిచ్చి, ఏమీ లేదని చూసుకున్నాకే డిలీట్ కొట్టండి.