వంటింటి కొలతలు – 4వ పాఠం: సలాడ్ ఆకులు, గ్రాముల నుంచి కప్పుల్లోకి

కిందటి పాఠంలో బియ్యం, పంచదార చూశాం. కప్పు నింపి పైన చాకుతో గీస్తే చాలు, ఎన్నిసార్లు కొలిచినా బరువు ఇంచుమించు ఒకటే వస్తుంది. ఆకుల దగ్గర ఆ ధీమా పనికిరాదు. కప్పులో సగానికి పైగా గాలే ఉంటుంది. ఆకు రకం మారినా, తరిగే తీరు మారినా ఆ గాలి మారిపోతుంది.

ముందు ఏ కప్పో తేల్చుకోండి. అమెరికా రెసిపీల్లో కప్పు అంటే సుమారు 237 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 250. ఆకులకు ఆ తేడా పెద్ద లెక్కలోది కాదు. టీ కప్పుతో మాత్రం కొలవకండి.

అమెరికా వ్యవసాయ శాఖ పోషకాల పట్టికల్లో ఒక కప్పు పచ్చి ఆకు బరువు ఇలా ఉంది: పాలకూర 30 గ్రాములు, తరిగిన గ్రీన్ లీఫ్ లెట్యూస్ 36, తరిగిన రొమైన్ లెట్యూస్ 47, సన్నగా తరిగిన ఐస్‌బర్గ్ లెట్యూస్ 72. మన సూపర్‌మార్కెట్లలో రాకెట్ పేరుతో అమ్మే అరుగులా 20 మాత్రమే. దాని ఆకు పలచన, అంచులు వంకర, కాడలు ఒకదానికొకటి అడ్డం పడి మధ్యలో ఖాళీ వదులుతాయి. ఐస్‌బర్గ్ ఈనెలు మందం, నీరు ఎక్కువ. పైగా సన్నగా తరిగితే ముక్కలు దగ్గరగా సర్దుకుంటాయి.

ఇక లెక్క తేలికే. ఉన్న గ్రాములను ఒక కప్పు బరువుతో భాగించాలి. అమెరికాలో ఉండేవాళ్లు తరచూ కొనే 5 ఔన్సుల డబ్బాలో 142 గ్రాములుంటాయి. పాలకూరైతే దాదాపు నాలుగు ముప్పావు కప్పులు, అరుగులా అయితే ఏడు కప్పులు. డబ్బా సైజు ఒకటే కదా అని రెండింటికీ ఒకే కొలతలో డ్రెస్సింగ్ (నూనె, పులుపు, ఉప్పు కలిపిన మిశ్రమం) కలిపితే ఒక గిన్నెలో ఆకు నానిపోతుంది, ఇంకో దాంట్లో సగం ఆకులకు ఉప్పే అంటదు.

పట్టికకన్నా మీ చేతి కొలత మీకు ఎక్కువ నమ్మకం. ఆకు కడిగాక పొడిబట్ట మీద పరిచి తడి పూర్తిగా పోనివ్వండి. మడతల్లో నిలిచిన నీళ్లు కూడా కాటాలో తూగుతాయి. ఖాళీ కప్పు కాటా మీద పెట్టి సున్నా చేయండి. ఆకును వేళ్లతో వదులుగా జారవిడవండి, కప్పును నేలకు తట్టకండి. పైకి లేచిన కాడలను అరచేత్తో ఒకసారి సర్దండి, అదమకండి. ఇలా మూడుసార్లు తూచి సగటు తీసి, ఆ అంకె ఫ్రిజ్ తలుపు మీద రాసిపెట్టుకోండి. రెసిపీలో ‘ప్యాక్డ్’ అని ఉంటే అదిమి నింపమని అర్థం. అప్పుడు అదే కప్పులో దాదాపు రెట్టింపు ఆకు పట్టొచ్చు కాబట్టి దాన్ని విడిగా తూచుకోవాలి.

రెసిపీలో గ్రాములూ కప్పులూ రెండూ ఇస్తే నేనైతే గ్రాములనే నమ్మమంటాను.

అభ్యాసం: 200 గ్రాముల తరిగిన రొమైన్ ఎన్ని కప్పులు? అంతే బరువు ఐస్‌బర్గ్ అయితే? (జవాబులు: సుమారు నాలుగుంపావు, రెండు ముప్పావు.)

వచ్చే పాఠం కొత్తిమీర, పుదీనా. కాడలతో కొలవాలా, ఆకు గిల్లి కొలవాలా అన్నది అక్కడ చూద్దాం. ఒక్కో కట్ట దగ్గర పెట్టుకోండి.