మురుగు మడ్డిని పొలానికి ఎరువుగా వేసే ముందు ఏమి చూసుకోవాలి?

మురుగునీటి శుద్ధి కేంద్రంలో ఎండిన మడ్డిని చేతిలోకి తీసుకుంటే నల్లగా, పొడిపొడిగా, చివికిన పశువుల ఎరువులాగే ఉంటుంది. నత్రజని, భాస్వరం ఉన్న మాట నిజమే. పొటాష్ మాత్రం చాలావరకు నీళ్లతోనే పోతుంది. ట్రాక్టరు గట్టెక్కక ముందే ఈ పనులు చేయండి.

మొదట పరీక్ష నివేదిక అడగండి. "శుద్ధి చేసిందే" అన్న మాట చాలదు. శుద్ధి అయింది నీరు; అందులోంచి తీసిన సీసం, కాడ్మియం, నికెల్ చాలావరకు చేరేది మడ్డిలోకే. మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పట్టణ కంపోస్టుకు పెట్టిన హద్దులను కొలబద్దగా పట్టుకోండి: కిలోకు కాడ్మియం 5, నికెల్ 50, సీసం 100 మిల్లీగ్రాములు. ఆ హద్దులో ఉన్నా ఎకరానికి నాలుగు టన్నులు వేస్తే 20 గ్రాముల దాకా కాడ్మియం మట్టిలో చేరుతుంది. ఏటా వేస్తే ఏటా చేరుతుంది, తిరిగి తీసే దారి లేదు. నాన్‌స్టిక్ పూతల తయారీలో వాడే ఫ్లోరిన్ రసాయనాలైతే మామూలు ఎరువు పరీక్షలో తేలనే తేలవు. వాటి భయంతోనే అమెరికాలోని మేన్ రాష్ట్రం 2022లో పొలాలకు మడ్డి వేయడాన్ని నిషేధించింది.

తరువాత, కంపోస్టు చేశారో లేదో కనుక్కోండి. ఏలికపాము గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. కుప్ప 55 డిగ్రీల వేడిలో 15 రోజులుండాలి, ఆ లోపల అయిదుసార్లు తిరగేయాలి.

ఇక పొలం. డెల్టాలో చాలాచోట్ల కొద్ది అడుగులు తవ్వితే నీరు తగులుతుంది. మంచినీటి బోరు, చేపల చెరువు, పంట కాలువ పక్కన వేయవద్దు. లంక భూముల్లో వేస్తే వరదకు గోదావరి పాలే.

వరికి నేనైతే వేయను. చేలో నీరు నిలిచినంత కాలం కాడ్మియం గంధకంతో కలిసి మట్టిలోనే బిగిసి ఉంటుంది. కోతకు ముందు చేను ఆరబెట్టామా, అది కరిగి వేర్లకు అందుతుంది. జపాన్‌లో జింజూ నది ఒడ్డున ఎముకలు విరిగే జబ్బు తెచ్చింది కాడ్మియమే. అక్కడ అది గని నుంచి నదిలోకి, నది నుంచి వరిలోకి చేరింది. ఆకుకూరలు, కంద, పెండలం మాట అసలే తలపెట్టకండి. సరుగుడు తోట అయితే కొంత నయం.

వేసేటప్పుడు చేతి తొడుగులు, బూట్లు తప్పనిసరి. వెంటనే దున్ని కలిపేయండి. మిగిలినదాన్ని గట్టు మీద గుట్టగా వదలవద్దు. తెల్లారేసరికి కోళ్లు కెలికి పెడతాయి.