గాజు నెగటివ్ మీద పెన్సిల్ రీటచింగ్

పాత స్టూడియో ఫోటోల్లో ముఖాలు అంత నున్నగా ఉన్నాయంటే, ఎవరో నెగటివ్ (నలుపు తెలుపులు తారుమారై పడే గాజు ప్లేటు) ముందు పెన్సిల్ పట్టుకొని గంటల తరబడి కూర్చున్నారన్నమాట. మ్యూనిక్ ఫోటోగ్రాఫర్ ఫ్రాంజ్ హాన్‌ఫ్‌స్టేంగెల్ రీటచ్ చేసిన పోర్ట్రెయిట్‌ను 1855లోనే పారిస్ ప్రదర్శనలో పెట్టాడు. తొలినాటి ప్లేట్లకు నీలం బాగా అందేది, ఎరుపూ పసుపూ దాదాపు అందేవి కావు. అందుకే చర్మం మీది ఎర్రమచ్చ నల్లగా పడేది. పసుపు రాసుకున్న ముఖం ఉన్నదానికంటే నలుపు తేలేది.

మా గురువుగారు నేర్పిన పద్ధతి చెబుతాను. కిటికీ ఎదురుగా ఏటవాలు బల్ల, దాని మధ్య పాలగాజు, కింద వెలుగును పైకి కొట్టే అద్దం, తల మీద నల్లగుడ్డ. ప్లేటులో మెరుపు లేని వైపే ఎమల్షన్, అంటే బొమ్మ పట్టే జెలటిన్ పూత. పని అంతా దాని మీదే. జెలటిన్ మీద పెన్సిల్ జారిపోతుంది కాబట్టి, టర్పెంటైన్‌లో కరిగించిన డామర్ గుగ్గిలం ఒక్క చుక్క మెత్తటి గుడ్డతో గుండ్రంగా రుద్ది ఆరనివ్వండి. 2హెచ్ లేదా 3హెచ్ పెన్సిల్ ముల్లును గరుకు కాగితం మీద సూదిమొనలా సాగదీయండి.

ముఖం మీది నల్లమచ్చ నెగటివ్‌లో తేటగా కనిపిస్తుంది. చుట్టుపక్కల సాంద్రతకు, అంటే అక్కడి నలుపు చిక్కదనానికి, సరిపోయేదాకా దాన్ని చిన్న చిన్న కామాల్లాంటి గీతలతో నింపాలి, అంతే. ఎక్కువైతే ప్రింటులో తెల్లచుక్క లేస్తుంది. చేతికి బరువు ఉండకూడదు. ముందు మచ్చలు, తర్వాత నుదుటి గీతలు, ఆపైన కంటి కింది నీడ. బుగ్గ మీద గీత బుగ్గ వంపు వెంటే పోవాలి.

ముక్కు పక్క నుంచి నోటిదాకా దిగే మడతను మాత్రం తేలికపరచండి, చెరపకండి. అది పోతే మనిషే మారిపోతాడు. "పుట్టుమచ్చ జోలికి పోకురా, తల్లి దాన్ని చూసే గుర్తుపడుతుంది" అనేవారు గురువుగారు. పెద్దవాళ్ళ ముడతలన్నీ తీసేసిన పని నాకిప్పటికీ నచ్చదు.

తప్పు పడితే టర్పెంటైన్‌తో తుడిచి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. నెగటివ్‌లో నలుపు ఎక్కువైన చోటును పలచబరచడానికి కత్తితో గీకే పని అలా కాదు, గీకింది తిరిగి రాదు. చేయి కుదిరేదాకా పారేసే ప్లేట్ల మీదే గీకండి. మధ్యమధ్య లేచి దూరంగా చూడండి, కళ్ళు అలిసిపోతే సాంద్రత అంచనా తప్పుతుంది.

చివరికి ఒక కాంటాక్ట్ ప్రింటు (నెగటివ్‌ను కాగితానికి ఆనించి తీసేది) తీసి, భూతద్దం లేకుండా, చేతిదూరంలో పట్టుకొని చూడండి. పెన్సిల్ జాడ కనబడితే అంతవరకు తుడిచి మళ్ళీ గీయండి.