రెండరింగ్ పెట్టగానే పీసీ ఆగిపోతోందా? ఫార్మాట్ కొట్టకముందు ఇవి చూడండి

సమస్య: బ్రౌజింగ్, ఆఫీసు పని మామూలుగా నడుస్తాయి. వీడియో రెండర్ పెట్టినా, పెద్ద గేమ్ ఆడినా పీసీ టక్కున ఆగిపోతుంది. బ్లూ స్క్రీన్ కూడా రాదు. ఇంట్లోవాళ్లు "రాత్రంతా అంత పని చేయిస్తే కాలిపోదా మరి" అంటారు.

పని ఎక్కువైనంత మాత్రాన ప్రాసెసర్ కాలిపోదు. చాలా ఇంటెల్ చిప్‌లు 100 డిగ్రీల దగ్గర, ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 సిరీస్ చిప్‌లు 95 దగ్గర వాటంతట అవే వేగం తగ్గించుకుంటాయి. అయినా వేడి ఆగకపోతే పీసీని ఆపేస్తాయి.

కాబట్టి ముందు టెంపరేచర్ చూడండి. అది చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ ఉచితమే. విండోస్ ఫార్మాట్ చేసి, ర్యామ్ మార్చి, డబ్బులు వదిలించుకున్నాక ఈ పని చేసేవాళ్లే ఎక్కువ. ఆగిపోయే ముందు 95 దాటుతుంటే కారణం దుమ్ము, ఫ్యాను, లేదా ప్రాసెసర్ మీద రాసే థర్మల్ పేస్టు. అంతే.

75 దగ్గరే ఆగిపోతోందా? అయితే అనుమానించాల్సింది ఎస్‌ఎంపీఎస్‌ని (పీసీకి కరెంటు ఇచ్చే పవర్ సప్లై పెట్టెని), ముఖ్యంగా క్యాబినెట్‌తో పాటు వచ్చినదాన్ని. షాపువాళ్లు టెస్టర్ పెట్టి "12 వోల్ట్లు వస్తున్నాయి, ఓకే" అంటారు. లోడ్ లేనప్పుడు ఎందుకు రావు? అసలు తిరకాసు ఇక్కడే. విండోస్ లోపాలను నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అనే ఎర్రర్ కనిపిస్తే విండోస్ తప్పనుకుంటారు. అది చెప్పేది పీసీ సరిగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే.

స్టిక్కర్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న 450 వాట్లను పట్టించుకోకండి. ప్లస్ 12 వోల్ట్ల గడిలో ఎన్ని ఆంప్స్ రాశారో చూడండి, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా నడిచేది దాని మీదే. 18 ఉంటే 12 ఇంటూ 18, అంటే 216 వాట్లు. 65 వాట్ల రైజెన్ నిజానికి 88 దాకా లాగుతుంది. ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డుకి 170. రెండూ కలిపి 258. పైగా గ్రాఫిక్స్ కార్డు మధ్యమధ్యలో క్షణకాలం ఇంకా ఎక్కువ లాగుతుంది. "రెండేళ్లు బాగానే నడిచింది కదా" అంటారు. నడుస్తుంది, లోపలి కెపాసిటర్లు ఎండిపోయేదాకా.

తేల్చుకోవడం సులువు. ప్రాసెసర్‌కి గట్టి పని పెట్టే సినీబెంచ్ ప్రోగ్రామ్ ఒక్కటే నడపండి, తర్వాత గ్రాఫిక్స్ కార్డుకి పని పెట్టే ఫర్‌మార్క్ ఒక్కటే. విడివిడిగా నిలబడి, రెండూ కలిపి పెట్టగానే పడిపోతే తప్పు ఎస్‌ఎంపీఎస్‌దేనని దాదాపు ఖాయం. ఐదు నిమిషాలు మించొద్దు. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ పోతూపోతూ మదర్‌బోర్డునీ తీసుకుపోగలదు. పని వల్ల పోయిందని జనం చెప్పుకునే పీసీల్లో చాలావాటి కథ ఇదే.

యూపీఎస్ ఉంటే దాన్ని తీసి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి ఒకసారి చూడండి. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా ఇచ్చేది 360 వాట్లే, మానిటర్‌తో కలిపి.

పరిష్కారం: ఇలాంటి పీసీకి 12 వోల్ట్ల మీద 40 ఆంప్స్ దాటే మంచి 550 వాట్ల బ్రాంజ్ (80 ప్లస్ రేటింగ్) ఎస్‌ఎంపీఎస్ కొనండి. పాతదాన్ని విప్పి కెపాసిటర్లు మార్చే సాహసం వద్దు. ప్లగ్ తీసినా లోపల ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది.

ఇంటెల్ 13, 14 తరం డెస్క్‌టాప్ చిప్‌లు కొన్ని ఎక్కువ వోల్టేజీ వల్ల నిజంగానే దెబ్బతిన్నాయి. వాటిలో సాధారణంగా ప్రోగ్రాములు క్రాష్ అవుతాయి, పీసీ ఇలా ఆరిపోదు. బయోస్ అప్‌డేట్ చేసుకోండి, అప్పటికే దెబ్బతిన్న చిప్ అయితే వారంటీకి ఇవ్వండి. ఇవి కాక, చిప్ నిజంగా పాడైన సందర్భాలు చాలా అరుదు.

కొత్త ఎస్‌ఎంపీఎస్ బిగించేటప్పుడు పాతదాని మాడ్యులర్ (ఊడదీసి పెట్టుకునే) కేబుళ్లు వాడకండి. ప్లగ్ సరిపోయినా లోపల పిన్ల వరస వేరుగా ఉండొచ్చు, హార్డ్ డిస్కులు పోతాయి.