తిరుపతి నుంచి జర్మనీ చదువుకు: వీసా, నివాస అనుమతి పనులు ఏ వరుసలో చేసుకోవాలి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల కళాశాలల్లో బీటెక్ ముగించి జర్మనీలో ఎంఎస్ చేయదలచినవారు చాలామంది ముందు సీటు రానిచ్చి, ఆ తర్వాత వీసా సంగతి చూసుకుందామనుకుంటారు. జర్మనీకి ఈ వరుస పనికిరాదు. అక్కడ శీతాకాల సెమిస్టర్ అక్టోబరులో మొదలవుతుంది. దాని దరఖాస్తులకు చాలాచోట్ల జులై 15 చివరి తేదీ, కొన్ని కోర్సులకు గడువు అంతకంటే ఎంతో ముందే ముగుస్తుంది. కాబట్టి వీసా కాగితాల పని ముందటి ఏడాదిలోనే మొదలుపెట్టడం మంచిది.

అన్నిటికన్నా ముందు చూసుకోవలసింది పేరు. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది, కొందరికి అది పొడి అక్షరంగానే ఉంటుంది, పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరుకు, సొంత పేరుకు వేర్వేరు గడులు ఉంటాయి. మెమోలోనూ డిగ్రీలోనూ పాస్‌పోర్టులోనూ పేరు మూడు రకాలుగా ఉంటే, ఆ తర్వాత ప్రతి మెట్టు దగ్గరా సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుంది. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నా, అక్షరాలు తేడాగా ఉన్నా, తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో ముందే సరిచేయించుకుని, కొత్త పాస్‌పోర్టు చేతికి వచ్చాకే మిగతా దరఖాస్తులు నింపడం మేలు.

తర్వాతిది ఏపీఎస్ ధ్రువపత్రం. భారతీయ విద్యార్థుల చదువు పత్రాలు అసలైనవేనా, అక్కడి ప్రవేశానికి తగినవేనా అని పరిశీలించి న్యూఢిల్లీలోని ఏపీఎస్ (అకడమిక్ ఇవాల్యుయేషన్ సెంటర్) అనే విభాగం ధ్రువపత్రం ఇస్తుంది. 2022 నవంబరు 1 నుంచి, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఇది లేకుండా విద్యార్థి వీసాకు దరఖాస్తు చేయడానికి వీల్లేదు. చాలా విశ్వవిద్యాలయాలు ప్రవేశ దరఖాస్తుతోపాటే దీన్ని అడుగుతున్నాయి. రుసుము 18,000 రూపాయలు. పదో తరగతి, ఇంటర్ మెమోలు, సెమిస్టర్లవారీ మార్కుల మెమోలు, పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్) లేదా ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) దగ్గర పెట్టుకోవాలి. పరీక్ష తప్పి మళ్లీ రాసిన సబ్జెక్టులుంటే ఆ మెమోలనూ దాచకుండా జతచేయాలి. కొన్ని మెమోలు పోయి ఉంటే, విశ్వవిద్యాలయం నుంచి నకళ్లు తెప్పించుకోవడానికి పట్టే కాలాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

మూడోది డబ్బు ఆధారం. ఎక్కువమంది ఎంచుకునేది బ్లాక్డ్ ఖాతా. 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు ముందుగా అందులో వేయాలి. జర్మనీ చేరాక అందులోంచి నెలకు 992 యూరోలు మాత్రమే తీసుకోవచ్చు. ఇది ఫీజు కాదు, విద్యార్థి సొంత జీవన ఖర్చు. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేకపోయినా, బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో ఐరోపా సమాఖ్య వెలుపలి విద్యార్థులు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి కాబట్టి ఆ లెక్క విడిగా వేసుకోవాలి. ఇంటి సొమ్ము పంపితే ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన భాగంపై బ్యాంకు టీసీఎస్ (సొమ్ము పంపేటప్పుడే తీసుకునే పన్ను) వసూలు చేస్తుంది, అయితే దాన్ని తర్వాత ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. బ్యాంకు విద్యారుణం నుంచి పంపిన సొమ్ముకు ఈ వసూలు ఉండదు. ఖాతాలో సొమ్ము చేరినట్టు వచ్చే ధ్రువీకరణే వీసా ఫైలులో పెట్టే పత్రం. పొలం పాసుపుస్తకాలు, బంగారం విలువ పత్రాలు ఎన్ని చూపినా దీనికి బదులు కావు.

ఆంధ్రప్రదేశ్ నివాసులు చెన్నై జర్మన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తారు, తిరుపతివారికి ఇది దగ్గర కూడా. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ అక్కడే ఉంటున్న చిత్తూరువారు మాత్రం ప్రస్తుత నివాసం ఎక్కడో ముందే తేల్చుకుని, దానికి తగిన ఆధారం సిద్ధం చేసుకోవాలి. దరఖాస్తు జర్మన్ విదేశాంగ శాఖ కాన్సులర్ పోర్టల్‌లో నింపి, పత్రాలు అందులోనే ఎక్కించాలి. ఆ తర్వాత వేలిముద్రలు, అసలు పత్రాల కోసం స్వయంగా హాజరు కావాలి. రుసుము 75 యూరోలు. తీసుకోవలసింది దీర్ఘకాలిక జాతీయ వీసా. తొందరపడి పర్యాటక షెంగెన్ వీసాపై వెళ్లి అక్కడ మార్చుకుందామనుకోవడం మనవాళ్లకు కుదరదు. అలా వెళ్లమని ఎవరు సలహా ఇచ్చినా వినకండి. ఇంకొకటి: వీసా తిరస్కరిస్తే అదే కార్యాలయానికి పునఃపరిశీలన కోరే పద్ధతిని 2025 జులై 1 నుంచి తీసేశారు. ఇప్పుడు మళ్లీ కొత్తగా దరఖాస్తు చేయాలి, లేదా బెర్లిన్ పాలనా న్యాయస్థానానికి వెళ్లాలి. అందుకే ఏజెన్సీ నింపిన ఫారమైనా సరే, పంపేముందు విద్యార్థి స్వయంగా ప్రతి గడీ చదవాలి.

వీసా చేతికి రావడంతో పని సగమే అవుతుంది, ఎందుకంటే ఆ వీసా గడువు సాధారణంగా కొన్ని నెలలే. అక్కడ ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దీనికి ఇంటి యజమాని సంతకం చేసిన నివాస ధ్రువీకరణ తప్పనిసరి. చిరునామా నమోదుకు ఒప్పుకోని గదిని అద్దె ఎంత తక్కువైనా తీసుకోకూడదు. 30 ఏళ్లలోపువారికి విద్యార్థి రాయితీతో ప్రభుత్వ ఆరోగ్య బీమా దొరుకుతుంది. దాన్ని వద్దని మినహాయింపు రాయించుకుంటే చదువు ముగిసేదాకా తిరిగి అందులో చేరే వీలుండదు.

విదేశీయుల కార్యాలయంలో నివాస అనుమతికి వీసా గడువు ముగియకముందే దరఖాస్తు చేయాలి. పెద్ద నగరాల్లో అపాయింట్‌మెంట్ ఆలస్యమవుతుంది కాబట్టి చిరునామా నమోదైన వెంటనే అడగడం మంచిది. గడువులోపు దరఖాస్తు చేసి ఉంటే, నిర్ణయం వచ్చేదాకా నివాసం చట్టబద్ధమేనని తెలిపే తాత్కాలిక పత్రం ఇస్తారు. అయితే దాంతో భారతదేశానికి వచ్చి తిరిగి వెళ్లవచ్చో లేదో ఆ కార్యాలయంలోనే అడిగి టికెట్ కొనుక్కోవాలి. ఈ అనుమతితో ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయవచ్చు. విశ్వవిద్యాలయంలో చేసే విద్యార్థి సహాయకుల పని ఈ లెక్కలోకి రాదు. సొంత వ్యాపారానికి, ఫ్రీలాన్స్ పనికి విడిగా అనుమతి కావాలి.

నివాస అనుమతి మామూలుగా రెండేళ్లకు మించకుండా ఇస్తారు. పొడిగింపు సమయంలో డబ్బు ఆధారం, బీమా, చదువు సాగుతున్నట్టు రుజువు మళ్లీ చూపాలి. కోర్సు విజయవంతంగా ముగిశాక, చదువుకు తగిన ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల వరకు అనుమతి కోరవచ్చు.